కుండీ కింద గుండ్రం

పొగబాబాయి కుడిచేతికి ఒక అలవాటు ఉంది. మండిన బొగ్గుల్ని గొట్టంలోంచి పొయ్యిలోకి వంచాక, వేడి తగ్గని ఆ ఖాళీ గొట్టాన్ని వెనక్కి తిరిగి చూడకుండా కుడికాలి వెనక నేల మీద పెట్టేస్తుంది. చూడాల్సిన పనేముంది? కొట్టు వెనక పెరడంతా వట్టి మట్టినేల. పెట్టీ పెట్టీ అక్కడ గుండ్రంగా నల్లటి మచ్చ పడింది. బొగ్గులు పొయ్యిలో పడ్డాక ఆయనకి రెండు చేతులూ కావాలి, ఒకటి పట్టకారుకి, ఇంకొకటి ఊచల చట్రానికి. ఇక గొట్టం సంగతి చెయ్యే చూసుకుంటుంది.

వీధిలో పెద్దలకీ పిల్లలకీ ఆయన పొగబాబాయే. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే ఆయన భార్య కూడా ఓ క్షణం ఆలోచించి చెప్పేది. చేపలు, మాంసం ముక్కలు, మొక్కజొన్న పొత్తులు నిప్పుల మీద కాల్చి అమ్మే చిన్న కొట్టు ఆయనది. కొట్టు పెట్టిన కొత్తలో బొగ్గుల మీద కిరోసిన్ చల్లి, అగ్గిపుల్ల గీసి, అట్టముక్కతో చేతులు పడిపోయేలా విసిరేవాడు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉండేవి. వీధి సగం పొగలో మునిగేది. ఆ పేరు అప్పుడు వచ్చిందే. ఒకరోజు ఒక ముసలాయన చేప తిని, మూతి తుడుచుకుని, నలుగురూ వినేలా అన్నాడు: "చేప బాగుందయ్యా. లాంతరు కూడా ఇందులోనే వేశావా?"

అందరూ నవ్వారు. పొగబాబాయి కూడా నవ్వాడు గానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. తర్వాత ఎక్కడో చూసి వచ్చి, పాత నూనెడబ్బా రేకుతో తనే ఒక గొట్టం చేసుకున్నాడు. రెండు వైపులా మూత లేని గొట్టం. కింది భాగం చుట్టూ కన్నాలు, లోపల కాస్త పైన అడ్డంగా ఇనపచువ్వల జల్లెడ, పక్కన చెక్క పిడి. జల్లెడ కింద కాగితం ఉండలు, పైన నిండుగా బొగ్గులు. కాగితం అంటిస్తే చాలు, కన్నాల్లోంచి దూరిన గాలి మంటని పైకి లాక్కుపోతుంది. కిరోసిన్ లేదు, విసరడం లేదు. మొదట కాస్త పొగ వస్తుంది, తర్వాత అదీ ఉండదు. పైబొగ్గుల అంచులకి బూడిద రంగు తిరిగేదాకా దాని జోలికి పోకపోవడమే అసలు పని.

"నిప్పుని తొందరపెడితే పొగ ఇస్తుంది, వదిలేస్తే వేడి ఇస్తుంది" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. రేకు పాడైనప్పుడల్లా కొత్తది చేసుకున్నాడు. పొగ పోయింది, పేరు మాత్రం పోలేదు.

ఒక్కగానొక్క కూతురిని టైల్స్ మేస్త్రి కొడుక్కి ఇచ్చాడు. మేస్త్రి అంటే అలాంటిలాంటి మేస్త్రి కాదు. ఆయన పరిచిన గచ్చు మీద గోళీ వదిలితే ఎటు దొర్లాలో తెలియక ఆగిపోతుందని చెప్పుకునేవారు. మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాక, చివరిసారిగా తన ఇంటి మేడ మీద తనే పలకలు పరుచుకున్నాడు. కొడుకు కూలీలని పెడతానంటే ఒప్పుకోలేదు. మోకాళ్ళ కింద గుడ్డమూటలు పెట్టుకుని, పాకుతూ, రోజుకి కొంచెం కొంచెంగా పూర్తి చేశాడు. అయిపోయిందని కబురు పెట్టినప్పుడు మాటలోనే పొంగు తెలిసింది.

"బావగారూ, ఆదివారం మీరందరూ రావాలి. మా మేడ మీద మీ చేతి నిప్పు వెలగాలి. ఇన్నాళ్ళూ మీ కొట్టులో తిన్నాం, ఇప్పుడు మీరొచ్చి నా గచ్చు మీద నిలబడి కాల్చి పెట్టండి."

"అంతకన్నానా బావగారూ" అన్నాడు పొగబాబాయి. ఆ వారమంతా కొత్త గొట్టం చెయ్యడంలోనే గడిపాడు. కొట్టులోది మసిబారి ఉంది, వియ్యాలవారింటికి దాన్ని తీసుకెళితే ఏం మర్యాద?

ఆదివారం సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే మేడ మీద చేరారు. లేత ఇటుకరంగు పలకలు, వాటి మధ్య దారం లాగినట్టు సన్నటి గీతలు. పిట్టగోడ వారన పూలకుండీలు. అందరూ చెప్పులు మెట్ల దగ్గరే విడిచారు. మేస్త్రి ఒక చెంబుడు నీళ్ళు గచ్చు మీద ఒంపి చూపించాడు. నీళ్ళు పొందిగ్గా ఒక మూలకి నడిచి తూములోకి దిగిపోయాయి.

"చూశారా, ఒక్క చుక్క నిలవలేదు!" అన్నాడు. చిన్నపిల్లవాడు పరీక్షలో మార్కులు చెప్పినట్టు ఉంది ఆ గొంతు.

"ఆ నీళ్ళాట ఆయన రోజూ ఆడతారన్నయ్యగారూ. మొక్కలకి తక్కువ, గచ్చుకి ఎక్కువ" అంది వియ్యపురాలు.

పొగబాబాయి తన వంతు తను చూపించాడు. పిట్టగోడ పక్కన బల్ల మీద పొయ్యి పెట్టి, దాని ఊచల మీద గొట్టం నిలబెట్టి, కాగితం అంటించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అల్లుడు వంగి ఊదబోతే ఆపాడు. "వద్దు బాబూ. తొందరపెడితే పొగ ఇస్తుంది, వదిలేస్తే వేడి ఇస్తుంది." వియ్యంకుడు తల ఊపి, "మా సిమెంటూ అంతే బావగారూ, ఆరనివ్వాలి" అన్నాడు. పనితనం తెలిసిన ఇద్దరు మనుషులు ఒకరినొకరు మెచ్చుకుంటున్న ఆ నిమిషం పొగబాబాయికి ఎంతో బాగుంది. జీవితంలో పెద్దగా ఎవరూ ఆయన్ని అలా సమానంగా చూసింది లేదు.

పైబొగ్గులకి బూడిద అంచు వచ్చింది. ఆయన పిడి పట్టుకుని, సుతారంగా బొగ్గుల్ని పొయ్యిలోకి వంచాడు. "ఆహా" అన్నారెవరో. మాంసం పళ్ళెం అందుకోవాలి. చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

ముక్కలు ఊచల మీద పరుస్తుండగా కాలి వెనక 'టప్' మంది.

పెద్ద చప్పుడేం కాదు. అప్పుడే మేస్త్రి ఏదో జోకు వేస్తే అందరూ నవ్వుతున్నారు, మాంసం చుయ్యిమంది. పొగబాబాయి ఒక్కడే విన్నాడు. కిందికి చూస్తే, గొట్టం గచ్చు మీద ఉంది. జల్లెడలో ఇరుక్కున్న రెండు నిప్పుముక్కలు కన్నాల్లోంచి జారి పలక మీద ఎర్రగా మెరుస్తున్నాయి. గబుక్కున గొట్టం ఎత్తి పొయ్యి అంచుకి తగిలించాడు. నిప్పుముక్కల్ని చెప్పుకాలితో నలపబోయాడు. చెప్పులు లేవని కాలాక గుర్తొచ్చింది. ఆ మంట ఆయనకి లెక్కలోకి రాలేదు. పలక మీద గుండ్రంగా నల్లటి మచ్చ. మచ్చ మధ్యనుంచి పలక ఆ మూల నుంచి ఈ మూలకి చీలి ఉంది.

అప్పుడే "బావగారూ, చూడండి! ఇలా అయ్యింది" అనేసి ఉంటే అయిపోయేది. ఒక్క మాట. మేస్త్రి కాస్త నొచ్చుకునేవాడేమో, ఆనక నవ్వేసేవాడేమో. కానీ ఆ క్షణంలో పొగబాబాయికి ఆ నీళ్ళచెంబు, ఆ గుడ్డమూటలు, 'మా సిమెంటూ అంతే బావగారూ' అన్న మాట కళ్ళముందు కదిలాయి. పక్కనున్న పూలకుండీని మోకాలితో, తర్వాత మడమతో నెమ్మదిగా జరిపి, మచ్చ మీదికి తెచ్చాడు. తలెత్తితే మెట్ల దగ్గర కూతురు పళ్ళేలు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. "నాన్నా, ఉప్పు సరిపోయిందా?" అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రం అందరూ వేళ్ళు నాకుతూ తిన్నారు. "ఇంత మెత్తగా ఎలా కాలుస్తారు బావగారూ" అని వియ్యంకుడు కొసరి కొసరి మెచ్చుకున్నాడు. పొగబాబాయి మాత్రం తేలుకుట్టిన దొంగలా కుండీకి అడ్డంగా నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి, కాళ్ళు నొప్పి పుడతాయి" అంటే, "నిలబడి తినడం అలవాటే" అన్నాడు.

ఇంటికెళ్ళాక భార్య ఆయన అరికాలి బొబ్బ చూసి అడిగింది. నిప్పురవ్వ పడిందన్నాడు. అబద్ధం కాదు కదా అని తనకి తను చెప్పుకున్నాడు.

ఆ తర్వాత రోజులు మామూలుగా నడిచాయి, లేదా నడిచినట్టు కనిపించాయి. పెరట్లో గొట్టం పెట్టబోయిన ప్రతిసారీ మట్టిలో ఉన్న నల్లమచ్చ కనిపించేది. ఇన్నేళ్ళూ ఎప్పుడూ కనిపించనిది ఇప్పుడు కన్నార్పకుండా చూసేది. ఒకరోజు పారతో ఆ మట్టి తవ్వి అవతల పోశాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అక్కడే మచ్చ.

ఒక సాయంత్రం వియ్యపురాలు చేపల కోసం కొట్టుకి వచ్చింది. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. ఆవిడ పైటతో విసురుకుంటూ, "ఏం చెప్పమంటారన్నయ్యగారూ, మా మేడ మీద పలక పగిలింది" అంది.

పొగబాబాయి పట్టకారు చేపని వదిలేసింది.

"ఊడుస్తూ కుండీ జరిపితే కింద గుండ్రంగా ఇంత నల్లమచ్చ! పలక రెండు ముక్కలు. ఆయన ముఖం చూడలేకపోయాననుకోండి. ఎవరు చేశారంటే కోడలుపిల్ల ముందుకొచ్చి, నేనే అత్తయ్యా, వేడి గిన్నె పొరపాటున పెట్టేశాను అంది. పలక పోతే పోయింది, కుండీ పెట్టి కప్పేయడమేమిటి? అదే నాకు కష్టం తోచింది. ఆయన పాపం ఒక్క మాటనలేదు. నేనే నోరాపుకోలేక నాలుగన్నాను. ఆయనైతే ఇప్పుడు మేడే ఎక్కడం లేదు."

అక్కడ ఆగి ఆవిడ పొగబాబాయి వైపు చూసింది, ఏదో అంటాడని. నిజం చెప్పడానికి అది రెండో తలుపు. తెరిచే ఉంది. ఏదో ఒకటి అనాలి కదా అని కంగారులో ఆయన నవ్వు ముఖం పెట్టి, "మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ అంతేనమ్మా. చేతిలో స్థిమితం లేదు" అనేశాడు.

మాట నోరు దాటగానే చెవులు వేడెక్కాయి. ఆవిడకి మాత్రం ఊరటగా ఉంది. "మీరే అన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే అత్తగారు సాధిస్తోందనుకుంటారు" అని చేపల పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

వెనక వాకిట్లో చేపలు తోముతున్న భార్య ఇదంతా విన్నది. చేతులు కడుక్కోకుండానే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆ మచ్చ గుండ్రంగా ఉందట, విన్నారా?"

"విన్నాను."

"మన పెరట్లో దానంత ఉంటుందంటారా?"

ఆయన పొయ్యిలోకి చూస్తున్నాడు. "చేప మాడుతోంది" అంది ఆవిడ, "నిప్పు గురించి చెప్పే నీతులన్నీ మీకు మీరెందుకు చెప్పుకోరు? ఇన్నేళ్ళకి ఒక్కగానొక్క పిల్లకి మనం పెట్టింది ఇదా, నింద?"

చేపని తిప్పలేదు. అది మాడిపోయింది. పారేసి, రాత్రి కొట్టు కట్టేశాక కూతురికి ఫోన్ చేశాడు. హలో అనగానే కూతురే మొదలుపెట్టింది.

"అత్తయ్య వచ్చి వెళ్ళిందటగా నాన్నా. నా చేతిలో స్థిమితం లేదన్నావట."

"అమ్మా..."

"నువ్వు కుండీ జరపడం నేను చూశాను. తిన్నంతసేపూ ఇప్పుడు చెబుతావు, ఇప్పుడు చెబుతావు అని నీ ముఖమే చూస్తూ కూర్చున్నా. చెప్పలేదు. అత్తయ్య అందరి ముందూ అడిగినప్పుడు నీ పేరు నా నోటితో ఎలా చెప్పను? బొగ్గుల పనివాడికి గచ్చు విలువేం తెలుసు అని ఎవరైనా ఒక్క మాటంటే నేను పడగలనా? అందుకే నేనే అన్నాను. నాకేం కాదులే. కానీ ఆ స్థిమితం మాట... అది నువ్వనకుండా ఉండాల్సింది నాన్నా."

"రేపొచ్చి చెప్పేస్తానమ్మా."

"ఇప్పుడు చెబితే నేను అబద్ధం ఆడానని నువ్వే రుజువు చేసినట్టవుతుంది కదా? ఇప్పటిదాకా చేతకానిదాన్ని. అప్పుడు అబద్ధాలకోరుని. ఏది మేలో నువ్వే చెప్పు" అని పెట్టేసింది.

మింగలేడు, కక్కలేడు. చెబితే పిల్ల అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే ఆ ఇంట్లో ఏది పగిలినా, ఏది ఒలికినా అందరి చూపూ పిల్ల చేతుల మీదికే పోతుంది. దానికి సాక్ష్యం కన్నతండ్రి మాటే. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? వెళ్ళకుండా ఏ ముఖం పెట్టుకుని ఉండాలి?

మర్నాడు పొద్దున్న కొట్టు తియ్యలేదు. ఆ కొత్త గొట్టాన్ని గుడ్డసంచిలో వేసుకుని బయల్దేరాడు. వియ్యంకుడు వరండాలో కూర్చుని, మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు.

"రండి బావగారూ! కబురూ కాకరకాయా లేకుండా వచ్చారేమిటి?"

"ఒకసారి మేడ మీదికి వస్తారా బావగారూ?"

మేస్త్రి ముఖం చిన్నబోయింది. అయినా లేచాడు. ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని ఎక్కాడు. పైన కుండీ పక్కకి జరిపి ఉంది. మచ్చని తోమినట్టున్నారు, కొంచెం మాసింది గానీ పోలేదు. పొగబాబాయి సంచిలోంచి గొట్టం తీసి, వంగి, మచ్చ మీద నిలబెట్టాడు. గుండ్రం గుండ్రానికి సరిపోయింది.

"అమ్మాయి కాదు బావగారూ, నేను. గొట్టం కింద పెట్టిందీ నేనే, కుండీ జరిపిందీ నేనే. నిన్న మీ ఆవిడ దగ్గర అమ్మాయి మీదికి నెట్టిందీ నేనే. పిల్ల నాకోసం అబద్ధం ఆడింది. దాన్నేమీ అనుకోకండి. అనాల్సినవన్నీ నన్ననండి."

తిట్టు కోసం తల వంచుకుని నిలబడ్డాడు. తిట్టు రాలేదు. తలెత్తితే మేస్త్రి ఆ చీలిక వైపు కాకుండా, ఎటో పిట్టగోడ అవతలికి చూస్తున్నాడు.

"అంటే..." అన్నాడు. "ఒక పలక కోసం మీరు నాకు భయపడ్డారు. మీ పరువు కాపాడ్డానికి ఆ పిల్ల మాకు భయపడింది. గచ్చు గురించి నేను అంతగా డప్పు కొట్టుకోబట్టే కదా? అలిగినట్టు మేడ ఎక్కడం మానేశాను. పిల్ల రోజూ నా ముఖం చూసి ఎంత కుమిలిందో." ఆయన తూము వైపు చూశాడు. "నీళ్ళు ఎటు పారతాయో చూసుకున్నాను గానీ..." అని ఆపేశాడు.

మెట్ల మీద అలికిడైంది. వియ్యపురాలు, వెనక కూతురు. ఎంతవరకు విన్నారో అడగక్కర్లేకుండానే తెలుస్తోంది. వియ్యపురాలు కోడలి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలోనే ఆపుకుని, "నాలుగన్నానన్నాను గానీ అన్నయ్యగారూ, నాలుగు కాదు, చాలానే అన్నాను" అంది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అందరూ ఆ గొట్టాన్నే చూస్తూ నిలబడ్డారు, అది ఇప్పుడే కాలుతున్నట్టు.

చివరికి మేస్త్రే కదిలాడు. "మిగిలిన పలకలు మెట్ల కింద ఉన్నాయి. నా మోకాళ్ళు వంగవు. మీరు కూర్చోండి, నేను చెబుతాను." పొగబాబాయి గచ్చు మీద మోకాళ్ళేసుకున్నాడు. కూతురు గుడ్డమూటలు తెచ్చి తండ్రి మోకాళ్ళ కింద పెట్టింది. చెప్పినట్టు ఉలితో చీలిన పలక పెకలించాడు, కింద గట్టిపడ్డ సిమెంటు గీకాడు, కొత్త ముద్ద పరిచి కొత్త పలక దించాడు. "నొక్కకండి, తట్టండి. తట్టండి బావగారూ, అది మీ శత్రువు కాదు" అని మేస్త్రి అంటే వియ్యపురాలు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

కొత్త పలక కుదిరింది గానీ కలవలేదు. చుట్టూ ఉన్నవి ఎండా వానా తిని ఒక ఛాయ దిగాయి, ఇది మాత్రం మెరుస్తూ ఉంది. "కొన్నాళ్ళకి కలుస్తుంది లెండి" అన్నాడు మేస్త్రి. అప్పుడే పైకొచ్చి దాని మీద కుండీ పెట్టబోయిన కొడుకుని వద్దన్నాడు.

మళ్ళీ ఒక ఆదివారం ఆ మేడ మీదే పొయ్యి వెలిగింది. పిలిచింది వియ్యంకుడే. పొగబాబాయి రానంటే రానని నాలుగుసార్లు అని, వచ్చాడు. బల్ల పక్కన ఎవరో రెండు ఇటుకలు పేర్చి పెట్టి ఉంచారు. ఆయన చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు. ఇటుకల మీదే, ఇటుకల మీదే అని మనసులో అనుకుంటూనే ఉన్నాడు. ఈసారి నిప్పు గురించి నీతులేమీ చెప్పలేదు. బొగ్గులు బూడిద అంచు కట్టాయి. వంచాడు. అల్లుడు పళ్ళెం అందించాడు. చెయ్యి, పాపం దానికేం తెలుసు, కాలి వెనక్కి బయల్దేరింది.

మధ్యలో ఇంకో చెయ్యి పిడి అందుకుంది. కూతురు. గొట్టాన్ని తీసుకుని, నెమ్మదిగా, చప్పుడు కాకుండా ఇటుకల మీద పెట్టింది.

"నా చేతిలో స్థిమితం ఉందిలే నాన్నా" అంది, ఆయనకి మాత్రమే వినపడేలా.

మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. పొయ్యి మీదికి వంగి, ముక్కల్ని తిప్పాల్సిన అవసరం లేకపోయినా తిప్పుతూ ఉన్నాడు. ముక్కల మీద చుక్క పడి చుయ్యిమంది. "ఏమైంది బావగారూ, కళ్ళు?" అని అడిగాడు వియ్యంకుడు.

పొగ అని చెబుదామనుకున్నాడు. కానీ ఆ నిప్పులో పొగ లేదు.